నల్లమల చెంచుల సమాజము, దైనందిన జీవితము: బల్మూర్ ప్రాంత సంఘ కాపరులకు ఒక పరిచయము

1. ఉపోద్ఘాతము

నాగర్‌కర్నూల్ జిల్లాలోని బల్మూర్ మండలము నల్లమల అడవి అంచున ఉన్నది. ఒక ప్రక్క పత్తి, వేరుశనగ, మొక్కజొన్న పండే చేలు, మరొక ప్రక్క అమ్రాబాద్ పీఠభూమివైపు లేచే కొండలు కనిపిస్తాయి. 2016 అక్టోబరు వరకు ఈ ప్రాంతము మహబూబ్‌నగర్ జిల్లాలో భాగము. ఇక్కడి గ్రామముల ప్రక్కనే చెంచు గూడేలు ఉన్నాయి. కొండ ఎక్కి లోపలికి వెళ్లినవారికి చెంచు పెంటలు ఎదురవుతాయి.

1950 డిసెంబరులో రాష్ట్రపతి వెలువరించిన షెడ్యూల్డ్ ప్రాంతముల ఉత్తర్వులో అచ్చంపేట తాలూకా గ్రామముల జాబితా ఉన్నది. ఆ జాబితా బల్మూర్ పేరుతోనే మొదలవుతుంది. వెంటనే కొండనాగుల, బాణాల వస్తాయి. ఆ తరువాత చివర ‘పెంట’ అనే మాట ఉన్న పేర్లు ఎన్నో కనిపిస్తాయి. ‘పెంట’ అనగా చెంచుల చిన్న ఆవాసము. రాజ్యాంగము క్రింద గుర్తింపు పొందిన చెంచు సీమలో మన బల్మూర్ కూడా ఉన్నదని ఈ జాబితా తెలుపుతుంది.

అయినప్పటికీ చెంచులను గూర్చి మైదాన గ్రామములలో వినబడే మాటలు దాదాపు ఒకే రీతిగా ఉంటాయి. వారికి పొలము లేదు, నిల్వ లేదు, నాయకుడు లేడు, రేపటి ఆలోచన లేదు అంటారు. పరిచర్య నివేదికలలో సైతము ఈ ‘లేదు’ అనే మాటే తరచుగా కనిపిస్తుంది. పైకి లేమిగా కనిపించే ఈ జీవితము వెనుక ఒక క్రమము, ఒక పంపకపు న్యాయము, ఒక బంధుత్వ ధర్మము ఉన్నాయని చూపించుటే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఆ క్రమమును ఎరుగకుండా చేసే సహాయము అదే క్రమమును దెబ్బతీయగలదు. కాబట్టి ఈ సంగతి గూడెములకు వెళ్లే ప్రతి కాపరికి అవసరమని మేము భావిస్తున్నాము.

2. ఒక సమాజమును ఎలా చదవాలి? ఆజ్‌టెక్ ఉదాహరణ

చెంచుల వద్దకు వెళ్లక ముందు, దూర దేశపు ఉదాహరణ ఒకటి చూద్దాము. మెక్సికోలోని ఆజ్‌టెక్ నాగరికత పేరు వినగానే చాలామందికి నరబలి ఒక్కటే గుర్తుకు వస్తుంది. 1325లో సరస్సు మధ్య స్థాపించబడి, 1521లో స్పెయిన్ సేనల చేతిలో పతనమైన తెనోచ్‌తిత్లాన్ నగరములో ఆలయములతో పాటు ఇండ్లు, అంగళ్లు, పాఠశాలలు కూడా ఉండేవి. సామాన్యులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకొని తినేవారు. ‘కల్పుల్లి’ అనే వాడకట్టు సముదాయము భూమిని ఉమ్మడిగా కలిగియుండి, దున్నుకొనుటకు కుటుంబములకు పంచి ఇచ్చేది.

ఈ సంగతులలో అనేకము మనకు తెలియుటకు కారణము ఒక క్రైస్తవ సన్యాసి. 1529లో మెక్సికో చేరిన ఫ్రాన్సిస్కన్ సభవాడైన బెర్నార్దినో దె సహగున్ స్థానిక నహువాట్ల్ భాష నేర్చుకున్నాడు. వృద్ధులను కూర్చుండబెట్టి ప్రశ్నలు అడిగాడు. తన వద్ద చదువుకున్న స్థానిక యువకుల సహాయముతో పన్నెండు గ్రంథములు సిద్ధము చేశాడు. దేవతలు, పండుగలు, పెద్దల బుద్ధిమాటలు, వర్తకులు, వైద్యులు, మొక్కలు, జంతువులు అన్నీ వాటిలో ఉన్నాయి. ప్రజలను క్రైస్తవ విశ్వాసములోనికి తెచ్చుటే అతని ఉద్దేశము. అయినను వారి దినచర్యను వారి భాషలోనే వ్రాయించినందున ఒక సమాజపు స్వరము నిలిచింది. 1577లో స్పెయిన్ రాజు ఆ వ్రాతలను స్వాధీనము చేసుకొనుమని ఆజ్ఞ ఇచ్చాడు. అయినా ఒక ప్రతి ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరమునకు చేరి భద్రముగా ఉన్నది.

ఆ గ్రంథములలో పదవది చిచిమెకులు అనే అడవి జనులను గూర్చి కూడా చెబుతుంది. వారు విల్లు పట్టినవారు, మూలికలు ఎరిగినవారు, దుంపలు, పండ్లు, తేనె, వేట మాంసము తినేవారు. నగరవాసులు వారిని మొరటువారని అనుకున్నారు. అదే సమయములో తమ పూర్వికులు కూడా అటువంటి విలుకాండ్రే అని గర్వముగా చెప్పుకొనేవారు. మైదానపు మనిషికి అడవి మనిషిపై ఉండే ఈ రెండు మనసుల చూపు మనకు క్రొత్త కాదు. చెంచును వెనుకబడినవాడని అనేవారే చెంచులక్ష్మి కథను ఇష్టముగా వింటారు.

సహగున్ పని నుండి మనము ఒక పద్ధతిని తీసుకోవచ్చును. ఏమి తింటారు, ఎవరితో పంచుకుంటారు, ఎవరి నేల మీద బ్రతుకుతారు, తగాదా వస్తే ఏమి చేస్తారు అని అడుగుటే ఆ పద్ధతి. ఆ ప్రశ్నలతోనే చెంచుల జీవితమును చూద్దాము.

3. పెంట, ఇల్లు, ఋతువులు

అమ్రాబాద్ చెంచులను గూర్చి తొలి విస్తృత అధ్యయనము చేసినవాడు ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1940 ప్రాంతములో ఆయన పీఠభూమి మీది పెంటలలో నివసించి, పరిశీలించి, 1943లో ఒక గ్రంథము ప్రకటించాడు. ఆయన చూసిన జీవితము నేడు చాలా మారినది. అయినను దాని ఎముకల గూడు ఇంకా నిలిచి ఉన్నది.

చెంచుల మాతృభాష తెలుగే. అయితే వారి యాసకు, అడవికి సంబంధించిన వారి మాటలకు ప్రత్యేకత ఉన్నది. ఒక పెంటలో కొద్ది ఇండ్లు మాత్రమే ఉంటాయి. పాత పద్ధతి ఇల్లు గుండ్రముగా, తడిక గోడతో, గడ్డి కప్పిన మొనదేలిన కప్పుతో ఉంటుంది. వానకాలములోను, దాని తరువాతను ఒకచోట నిలకడగా ఉండేవారు. ఎండలు ముదిరినప్పుడు నీరు ఉన్న చోటికి, ఇప్పపూవు రాలే చోటికి జరిగి ఆకు పందిళ్ల క్రింద గడిపేవారు. పైనుండి చూసేవారికి ఇది తిరుగుబోతుతనముగా తోచవచ్చును. నీరు ఎక్కడ, ఏ నెలలో, ఎంతమందికి సరిపోతుంది అనే లెక్క ఎరిగి చేసే కదలిక ఇది.

ప్రతి పెంటకు తన అడవి హద్దు ఉండేది. ఆ హద్దులో తవ్వుకొనుటకు, కోసుకొనుటకు ఆ పెంటవారికి హక్కు ఉండేది. అయితే ఆ హద్దు కంచె వేసినట్టిది కాదు. భార్య తరఫు బంధువులున్న పెంటకు వెళ్లి, అక్కడివారితో కలిసి బ్రతుకుటకు వీలుండేది. నేలను ఏ ఒక్కరూ అమ్ముకొనలేరు, నేలకు పరాయివాడై ఎవరూ మిగిలిపోరు. ఆజ్‌టెక్ కల్పుల్లిలో సాగుభూమికి ఉన్న ఉమ్మడి తనము ఇక్కడ అడవికి ఉన్నది.

4. ఆహారము, పంపకము

హైమెన్‌డార్ఫ్ చూసిన కాలములో చెంచుల ఆహారములో పెద్ద పాలు అడవి గడ్డలదే. ఇనుప మొన తొడిగిన గునపముతో స్త్రీలు, పురుషులు ఇద్దరూ గడ్డలు తవ్వేవారు. కాలమును బట్టి తునికి పండ్లు, మొర్రి పండ్లు, ఉసిరి, మేడి, చింత, ఇప్పపూవు తోడయ్యేవి. ఉదయము బయలుదేరి తెచ్చుకొన్నది సాయంత్రమునకు వండుకొనేవారు. నిల్వ చాలా తక్కువ.

ఇందులో రెండు రకముల న్యాయము కనిపిస్తుంది. తవ్విన గడ్డ, ఏరిన పండు ఆ కుటుంబమునకు చెందుతుంది. పెద్ద జంతువు వేటలో దొరికినప్పుడు మాత్రము మాంసమును పెంటలోని ఇండ్లన్నిటికి పంచేవారు. గడ్డ దొరకుట శ్రమను బట్టి ఉంటుంది, శ్రమించే చేయి ప్రతి ఇంటిలో ఉన్నది. వేట అదృష్టమును బట్టి ఉంటుంది, నేడు నీకు, రేపు నాకు. కనుక అదృష్టముతో వచ్చినది అందరిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత వేట నేరమైనది. వేటతో పాటు ఆ పంపకపు సందర్భము కూడా తగ్గిపోయినది.

లేఖనములు చదివే మనకు ఇక్కడ నిర్గమకాండము 16వ అధ్యాయము తలంపునకు రావలెను. అరణ్యములో మన్నాను ఏ దినమునకు ఆ దినము కూర్చుకొనుట, ఎక్కువ కూర్చినవానికి మిగులకుండుట, నిల్వ చేసినది పాడైపోవుట అనే సంగతులను మనము విశ్వాస పాఠముగా బోధిస్తాము. అదే రీతిగా బ్రతికే పొరుగువానిని ‘ముందుచూపు లేనివాడు’ అని పిలిచేటప్పుడు మన మాటను మనమే తూచుకొనవలెను.

5. కుటుంబము, వంశము, బామ్మర్ది చేతిలోని తాడు

చెంచులలో నిమ్మల, ఉడుతల, చిగుర్ల, తోకల, కుడుముల మొదలైన ఇంటిపేర్ల వంశములు ఉన్నాయి. ఒకే వంశమువారు అన్నదమ్ముల వరుస గనుక వారి మధ్య వివాహము లేదు. మేనరికము ఇష్టమైన సంబంధము. భార్యాభర్తలు, పిల్లలు కలిసిన చిన్న కుటుంబమే అన్ని పనులకు మూలము.

స్త్రీ స్థానము గమనింపదగినది. తాను తవ్వి తెచ్చినదానిపై ఆమెకు అధికారము ఉన్నది. వండి పంచేది ఆమె. కాపురము సాగనప్పుడు విడిపోవుటకు, విధవరాలు మరల వివాహము చేసుకొనుటకు ఆచారము అడ్డురాదు. చెంచు స్త్రీ పురుషునితో సమానముగా నిలుచుటను హైమెన్‌డార్ఫ్ ప్రత్యేకముగా వ్రాశాడు. ఆనాటి మైదాన గ్రామములలోని అనేక కులములలో ఈ స్వేచ్ఛ లేదు.

బంధుత్వము ఎంత బరువు మోస్తుందో తేనె తీయుటలో తెలుస్తుంది. కొండ చరియకు పట్టిన పెద్ద తేనెపట్టును తీయుటకు పై నుండి తాడు మీద లోయలోనికి దిగవలెను. పొగ, తేనెటీగలు, క్రింద అగాధము. పైన తాడు దగ్గర కాపలా ఉండేది భార్య సోదరుడు. తన చెల్లెలు విధవరాలు కావలెనని ఏ అన్నా కోరుకొనడు గనుక ప్రాణమును బామ్మర్ది చేతిలో పెడతామని చెంచులు చెబుతారు. వివాహము రెండు కుటుంబములను కలుపుతుందని మనము పెండ్లి ప్రసంగములలో చెప్పే మాటకు ఇంతకంటే బరువైన ఉదాహరణ దొరకుట కష్టము.

6. పెద్దమనిషి, తగాదాలు

పెంటకు ‘పెద్దమనిషి’ ఉంటాడు. అయితే అతనికి గ్రామాధికారివంటి అధికారము లేదు. అతడు మాట చెప్పగలడు, ఆజ్ఞ ఇవ్వలేడు. తగాదా వచ్చినప్పుడు పెద్దలందరూ కూర్చుండి మాట్లాడతారు. అప్పటికీ పొసగకపోతే ఒక కుటుంబము మూట కట్టుకొని బంధువుల పెంటకు వెళ్లిపోతుంది. కదలగల స్వేచ్ఛే వారికి శాంతి మార్గము.

ఇది అర్థము కానందున బయటివారు తరచుగా పొరబడతారు. సరుకులన్నీ ఒక్క వ్యక్తికి అప్పగించి అందరికీ పంచుమంటారు. ఆ పెంటలో అటువంటి అధికారము ఎన్నడూ ఎవరికీ లేదు. అప్పగింతతో ఒకడు అకస్మాత్తుగా అధికారి అవుతాడు, మిగిలినవారు అడిగేవారు అవుతారు. వెళ్లిపోవుటకు మునుపటివలె అడవి కూడా లేనందున తగాదా అక్కడే రగులుతుంది.

7. దైవ భావన

నిష్పక్షపాతముగా తెలుసుకొనవలసిన మరొక అంశము వారి మత జీవితము. గారెల మైసమ్మ అడవి దేవత. వేట, ఆహారము ఆమె దయ అని పాత తరము నమ్మకము. దొరికిన ఆహారములో చిన్న పాలు మొదట ఆమెకు సమర్పించే అలవాటును హైమెన్‌డార్ఫ్ నమోదు చేశాడు. లింగమయ్య వారి ముఖ్య దైవము. చైత్ర పౌర్ణమి సమయములో లోతైన లోయలోని సలేశ్వరము జాతరకు వేలాది జనులు వెళ్లినప్పుడు అక్కడ పూజారులు చెంచులే. శ్రీశైల మల్లన్నను, అహోబిల నరసింహుని వారు తమ ఇంటి అల్లుని వలె చెప్పుకుంటారు. తిన్నదానికి ముందు కృతజ్ఞత చెల్లించే జనులతో మాట్లాడుతున్నామని ఎరిగిన కాపరి తన మాటను గౌరవముతో మొదలుపెట్టగలడు.

8. కృష్ణకు ఇరువైపుల రెండు చరిత్రలు

ఒకే జనము, ఒకే అడవి అయినను కృష్ణానది చెంచుల చరిత్రను రెండుగా చీల్చినది. దక్షిణాన కర్నూలు వైపు మద్రాసు ప్రెసిడెన్సీ పాలన ఉండేది. అక్కడి చెంచులపై నేరస్థ తెగల చట్టమును ప్రయోగించారు. పుట్టుకతోనే అనుమానితులుగా చూడబడుట ఎటువంటిదో ఆ తరములు అనుభవించాయి. 1952లో ఆ చట్టము రద్దయినది. ఉత్తరాన అమ్రాబాద్ వైపు నిజాం పాలన ఉండేది. అక్కడి పెంటలపై ప్రభుత్వ జోక్యము తక్కువ. హైమెన్‌డార్ఫ్ అధ్యయనము తరువాత 1940లలో నిజాం ప్రభుత్వము పీఠభూమి మీద చెంచుల కొరకు ప్రత్యేక రిజర్వును ఏర్పరచినది.

అడవి అంచు గ్రామముల చెంచులది మూడవ స్థితి. బల్మూర్ వంటి చోట్ల వారు రైతుల చేలకు కావలివారుగా, పశువుల కాపరులుగా, కూలీలుగా మైదాన జీవితములో కలిశారు. అడవి హక్కు సడలినది, పొలము హక్కు చేతికి రాలేదు. ఈ మధ్య స్థితిలోనే అప్పు, సారా, వలస సులభముగా ప్రవేశిస్తాయి.

9. నేటి పరిస్థితి

స్వాతంత్ర్యానంతర చట్టములు కొన్ని కాపరులు ఎరిగియుండవలెను. షెడ్యూల్డ్ ప్రాంతములో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా 1959 నాటి భూ బదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ నిషేధిస్తాయి. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె, తపసి బంక, కుంకుడు, చిల్లగింజలు వంటి అటవీ ఫలసాయమును కొనుగోలు చేయుటకు వచ్చినది. చెంచులను ప్రత్యేకముగా బలహీన గిరిజన సమూహముగా ప్రభుత్వము గుర్తించినది. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 49 వేలుగా ఉన్న చెంచులు 2011 నాటికి సుమారు 64 వేలు అయ్యారు.

అడవి మీద మాత్రము ఒత్తిడి పెరిగినది. 1983లో నల్లమల పులుల సంరక్షణ పథకములోనికి వచ్చినది. 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత తెలంగాణ వైపు భాగము అమ్రాబాద్ పులుల అభయారణ్యముగా వేరుపడినది. దాని విస్తీర్ణము సుమారు 2,600 చదరపు కిలోమీటర్లు. లోపలి ఆవాసములను బయటికి తరలించే ప్రతిపాదనలు పలుమార్లు వచ్చాయి. అంతలో యురేనియం అన్వేషణ వార్త వచ్చినది. 2019లో చెంచులతో పాటు అచ్చంపేట, అమ్రాబాద్ ప్రాంత ప్రజలు దానిని ఎదిరించారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకములకు వ్యతిరేకముగా తీర్మానించినది.

2006 అటవీ హక్కుల చట్టము ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు. అటవీ ఫలసాయముపై యాజమాన్య హక్కును, గ్రామసభ అధికారమును అది గుర్తించినది. చెంచులవంటి సమూహములకు తమ ఆవాస ప్రాంతము మొత్తముపై సాముదాయిక హక్కును కోరే వీలు కూడా కల్పించినది. పెంటకు తన అడవి హద్దు ఉన్నదని తరతరములుగా చెంచులు ఎరిగిన సంగతినే చట్టము తన భాషలో ఒప్పుకున్నది. 2006లోనే సవరించబడిన వన్యప్రాణి చట్టము సైతము పులుల ప్రాంతము నుండి తరలింపు స్వచ్ఛందముగా, గ్రామసభ సమ్మతితో జరుగవలెనని చెబుతుంది. హక్కు కాగితము మీద ఉన్నదని తెలియనివాడు వేలిముద్ర వేసి దానిని వదులుకొనగలడు. ఇక్కడ చదువు వచ్చిన పొరుగువాని బాధ్యత పెద్దది.

10. కాపరులకు కొన్ని సూచనలు

మొదటిది, ఋతువును ఎరుగుము. తేనె, బంక, ఉసిరి సేకరణ కాలములలో పగటి కూడికలకు పిలుచుట అనగా ఆ దినపు అన్నమును మానుకొనుమని చెప్పుటే.

రెండవది, పంపకమును గౌరవించుము. సహాయము చేయవలసి వచ్చినప్పుడు ఇంటింటికి, అందరి ఎదుట, సమానముగా చేయవలెను. విశ్వాసులకు మాత్రమే ఇచ్చే బియ్యపు సంచి పెంటను రెండుగా చీలుస్తుంది. బామ్మర్ది ఒక ప్రక్కను, బావ మరొక ప్రక్కను నిలిస్తే తాడు ఎవరు పట్టుకుంటారు?

మూడవది, స్త్రీల మాట వినుము. పురుషులను మాత్రమే పెద్దలుగా ఎంచి, వారితోనే మాట్లాడి తిరిగి వచ్చే మైదాన అలవాటును అక్కడికి తీసుకొని వెళ్లకూడదు. చెంచు స్త్రీకి ఉన్న స్థానమును సంఘము తగ్గించిన యెడల అది అభివృద్ధి అనిపించుకొనదు.

నాలుగవది, కాగితమును చదివి వినిపించుము. అటవీ హక్కుల పత్రము, గ్రామసభ తీర్మానము, తరలింపు ఒప్పందము వంటివి వచ్చినప్పుడు ప్రతి మాటను వారి యాసలో చెప్పి, నిర్ణయమును వారికే విడిచిపెట్టవలెను.

ఐదవది, వ్రాసి ఉంచుము. గడ్డల పేర్లు, మూలికల ఉపయోగములు, నీటి చెలమల గుర్తులు, వంశముల కథలు వృద్ధులతో పాటు మరుగైపోతున్నాయి. వేదాంత విద్యార్థులు తమ క్షేత్ర పరిచర్య నెలలలో పెద్దల అనుమతితో, వారి మాటలలోనే వాటిని నమోదు చేసి, ఒక ప్రతిని ఆ గూడెములోనే ఉంచవలెను. సహగున్ వ్రాతలు స్థానికులను విడిచి సముద్రము దాటి వెళ్లిపోయాయి. మన విద్యార్థుల వ్రాత ఆ గూడెము పిల్లలకు అందుబాటులో ఉండవలెను.

11. ముగింపు

గడ్డ తవ్వినవారిది, వేట అందరిది, నేల ఎవరూ అమ్ముకొనలేనిది, ప్రాణము బామ్మర్ది చేతిలోనిది. ఈ నాలుగు మాటలలో చెంచు సమాజపు ధర్మము దాదాపు ఇమిడి ఉన్నది. ఇల్లు, బడి, వైద్యశాల, రోడ్డు చెంచులకు అవసరమే, వాటిని వారే అడుగుతున్నారు. వాటిని అందుకొనే క్రమములో ఈ ధర్మము కరిగిపోవలెనా, నిలువవలెనా అన్నది వారు నిర్ణయించుకొనవలసిన సంగతి. ఆ నిర్ణయము తీసుకొనుటకు వారికి సమయము, సమాచారము, నిలుచుటకు నేల ఉండేలా చూచుట మైదానములో ఉన్న మన వంతు. బల్మూర్ నుండి కొండ ఎక్కే కాపరి సంచిలో బియ్యముతో పాటు అడుగవలసిన ప్రశ్నలు కూడా ఉండునుగాక.